టీవీకి స్టిక్ కొనాలా, కంప్యూటర్ కలపాలా?

విజయవాడ సత్యనారాయణపురంలో మా పిన్ని ఇంట్లో టీవీ పెట్టించేటప్పుడు నేను ముందు అడిగింది ఒకటే: రోజూ దాన్ని వాడేది ఎవరు? పెద్దవాళ్లయితే స్టిక్కే కొనండి; అంటే టీవీ హెచ్‌డీఎంఐ పోర్టులో పెట్టి, ఇంటర్నెట్ ద్వారా నెట్‌ఫ్లిక్స్ లాంటివి చూసే చిన్న పరికరం. చేతిలో చిన్న రిమోట్ చాలు, మౌసుతో తంటాలుండవు.

బొమ్మ విషయంలోనూ స్టిక్కుదే పైచేయి. కాపీ రక్షణ నిబంధనల వల్ల కంప్యూటర్ బ్రౌజర్లలో తరచూ తక్కువ స్పష్టతే వస్తుంది. నెట్‌ఫ్లిక్స్‌లో 4కె కావాలంటే తెరకు హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ పద్ధతి కూడా ఉండాలి.

స్టిక్కుకు కరెంటు మాత్రం టీవీ వెనక పోర్టు నుంచి ఇవ్వకండి. యూఎస్‌బీ 2.0 పోర్టు సాధారణంగా 0.5 ఆంపియర్లే ఇస్తుంది. అది చాలకపోతే స్టిక్కు సినిమా మధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. స్టిక్కుతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్గులో పెట్టండి. మన మే నెల ఎండలకు టీవీ వెనక సందు కుంపటే! పొట్టి హెచ్‌డీఎంఐ తీగ తగిలించి స్టిక్కును కాస్త గాలి తగిలేలా ఉంచండి.

హార్డ్ డిస్కు నిండా పెళ్లి వీడియోలున్నా, పిల్లలు ఆటలాడినా కంప్యూటరే మేలు. ల్యాప్‌టాప్ ఉంటే హెచ్‌డీఎంఐ తీగ ఒక్కటి కొంటే సరిపోతుంది. టీవీలో మాట వినిపించకపోతే సౌండ్ సెట్టింగుల్లో టీవీని ఎంచుకోండి.