ఇంటి వ్యాపారం, నాలుగో పాఠం: ఇల్లొకటే, గల్లాలు రెండు

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాం. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా ఏ పనికి ఎంతసేపు పట్టిందో పాత క్యాలెండర్ కాగితాల వెనక వారం రోజులు రాసుకోమన్నాం. రాసినవాళ్లు ఆ కాగితాలు ముందు పెట్టుకోండి. రాయనివాళ్లు ముందు ఆ వారం పూర్తిచేసి రండి. అది లేకపోతే ఇక్కడ చెప్పే అంకెలేవీ మీ ఇంటికి అతకవు.

ఆ కాగితాల్లో చాలామందికి ఒకటే కనబడుతుంది. పని మానేసిన గంటలు తక్కువ. కూర్చుని, మధ్యలో లేచి, మళ్లీ కూర్చున్న గంటలు ఎక్కువ. దక్షిణ ఒడిశాలోని బరంపురంలో అప్పడాలు ఒత్తేవాళ్లకీ, పర్లాకిమిడిలో పచ్చళ్లు పెట్టేవాళ్లకీ, రాయగడలోనో గుణుపురంలోనో జాకెట్లు కుట్టేవాళ్లకీ ఇదే తీరు. ఇంటి వ్యాపారం బద్ధకం వల్ల చెడుతుందంటారు గానీ, బద్ధకస్తులు అసలు మొదలే పెట్టరు. దాన్ని చెడగొట్టేది కలగాపులగం. ఇంటి పని వ్యాపారం వేళలోకి వస్తుంది, వ్యాపారం డబ్బు ఇంటి ఖర్చులోకి పోతుంది, అమ్మాల్సిన సరుకు చుట్టాల సంచీలోకి వెళ్తుంది. ఈ పాఠంలో క్రమశిక్షణ అన్న మాటకి ఒకటే అర్థం: ఈ మూడు చోట్లా గోడ కట్టడం.

పాఠమంతా ఒకే సరుకు మీద నడుపుదాం. బరంపురానికి పట్టుచీరలతో పాటు అప్పడాలకీ పేరుంది కాబట్టి మినప అప్పడాలే తీసుకుందాం.

డబ్బు గోడ

లెక్క కోసం 3 కిలోల పిండి వాయి అనుకుందాం. ధరలు ఊరినిబట్టి మారతాయి, మీ ధరలు వేసుకోండి. మినప్పిండి కిలో 140 చొప్పున 420 రూపాయలు. ఉప్పు, అప్పడాల ఖారం (మిరపకారం కాదు, అప్పడంలో వేసే క్షారం), మిరియాలు, ఇంగువ, జీలకర్ర కలిపి 110. ఒత్తడానికి నూనె 40. ప్యాకెట్లు, లేబుళ్లు 66. గ్యాస్ 14. మొత్తం 650. ఎండాక సుమారు 3 కిలోల 300 గ్రాములు తేలుతుందనుకుంటే 100 గ్రాముల ప్యాకెట్లు 33.

ఇక్కడ చాలామంది చేసే తప్పు తమ కూలి వేసుకోకపోవడం. ఈ వాయికి ఆరు గంటలు పడుతుంది. గంటకి 50 వేసినా 300. అంటే అసలు ఖర్చు 950, ప్యాకెట్‌కి దాదాపు 29. కొట్టుకి 34కి వేస్తే 33 ప్యాకెట్లకి 1,122 వస్తుంది. మిగులు 172.

ఇప్పుడు కరగడం చూడండి. అంచులు చీలినవీ, విరిగినవీ రెండు ప్యాకెట్ల మేర పోయాయి: మిగులు 104. ఆడపడుచు వచ్చింది, రెండు ఇచ్చారు. పక్కింటావిడ పిల్లాడి పుట్టినరోజు, ఒకటి ఇచ్చారు. ఉన్న 28 ప్యాకెట్లకి వచ్చేది 952. మిగులు రెండు రూపాయలు. మూడు ప్యాకెట్లే కదా అనిపిస్తుంది, ఆ మూడే ఆ వాయి మొత్తం లాభం.

అందుకని మూడు డబ్బాలు కావాలి. హార్లిక్స్ సీసాలైనా ఫర్వాలేదు, మూతమీద పేరు రాసి ఉండాలి: సరుకు, కూలి, మిగులు. కొట్టు నుంచి డబ్బు రాగానే మొదట సరుకు డబ్బాలో 650. తర్వాత కూలిలో 300. ఆ తర్వాతే మిగులు. ఈ వరస తిప్పకూడదు. కొట్టువాడు సగమే ఇచ్చి 500 చేతిలో పెట్టాడనుకోండి, ఆ 500 మొత్తం సరుకు డబ్బాకే పోతుంది, ఆ వారం కూలి ఆగుతుంది. కష్టంగానే ఉంటుంది. కానీ సరుకు డబ్బా ఖాళీ అయితే వచ్చే వారం పిండి ఉండదు, పిండి లేకపోతే కూలీ ఉండదు.

కూలి డబ్బాలో పడిన డబ్బు ఇంటిది. దాంతో కూరగాయలు కొనుక్కోండి, ఫీజు కట్టండి, మీకు నచ్చింది కొనుక్కోండి, ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు. కూలి తీసుకోకుండా త్యాగం చేసేవాళ్లే నాలుగు నెలలకి అడ్డంగా సరుకు డబ్బాలో చెయ్యి పెడతారు.

ఇంట్లో వాడుకున్న ప్రతి ప్యాకెట్‌కీ, చుట్టాలకి ఇచ్చిన ప్రతి ప్యాకెట్‌కీ 29 రూపాయలు కూలి డబ్బాలోంచి తీసి సరుకు డబ్బాలో వేయండి. ఇవ్వొద్దని చెప్పడం లేదు, ఇవ్వండి, ఇంటి డబ్బుతో ఇవ్వండి. లేదా విరిగినవి ఒక డబ్బాలో దాచి అవే ఇవ్వండి. వేగాక ఎలాగూ ముక్కలు చేసే తింటారు.

మహిళా సంఘం ద్వారా అప్పు తీసుకున్నవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. ఒడిశాలో మహిళా సంఘాల పథకం మిషన్ శక్తి 2001 నుంచి నడుస్తోంది కాబట్టి ఈ జిల్లాల్లో చాలా ఇళ్లలో ఏదో ఒక సంఘం పాస్‌బుక్కు ఉంటుంది. కిస్తీ నెలకి 600, నెలకి ఎనిమిది వాయిలు అనుకుంటే ఒక్కో వాయి మీద 75 పడుతుంది. పైన చూసిన 104లో 75 పోతే మిగిలేది 29. కిస్తీ రోజున వెతుక్కోకుండా వాయి వాయికీ ఆ 75 వేరే కవరులో పెట్టండి. అప్పు తెచ్చింది పెళ్లికో ఇంటి కప్పుకో అయితే మాత్రం కిస్తీ కూలి డబ్బాలోంచే పోవాలి, వ్యాపారం నెత్తిన వేయకండి.

ఫోన్‌పే వచ్చాక కొత్త చిక్కు. క్యూఆర్ కోడ్ ఇంటాయన ఖాతాకి ఉంటుంది, అప్పడాల డబ్బు పెట్రోలులో కలిసిపోతుంది. మీ పేర విడిగా ఖాతా ఉంటే మేలు. అంతదాకా రోజూ రాత్రి ఫోన్‌లో వచ్చిన మొత్తం చూసి, అంత నగదు ఆయన దగ్గర అప్పుడే తీసుకుని డబ్బాలో వేయండి. “ఆదివారం అన్నీ కలిపి ఇస్తాలే” అంటే ఒప్పుకోకండి. ఆదివారానికి ఎవరికీ లెక్క గుర్తుండదు.

సరిహద్దు ఊళ్లవాళ్లకి ఒక హెచ్చరిక. పిండి, పప్పు కొనే టోకు కొట్టులో చీటీ ఒడియా అంకెల్లో రాసిస్తే ఇంటికొచ్చి కాపీ చేసేటప్పుడు జాగ్రత్త. ఒడియా నాలుగు పైన కాస్త తెరుచుకున్న మన 8లా ఉంటుంది. 40 కాస్తా 80 అయి లెక్క తేలక రాత్రంతా తల పట్టుకోవాల్సి వస్తుంది. చీటీ తీసుకున్నప్పుడే కొట్టులో నిలబడి పక్కన మన అంకెలు వేసుకోండి.

వేళ గోడ

వారానికి రెండు వాయిలు చాలు. సోమవారం, శుక్రవారం ఒత్తడం. మంగళవారం, శనివారం తూచి ప్యాక్ చేయడం. శనివారం సాయంత్రం కొట్లకి వేయడం. ఆదివారం అరగంట లెక్కలు. గురువారం ఖాళీగా ఉంచడానికి కారణం ఉంది, కింద చెప్తాం.

ఒత్తే రోజు ముందు రాత్రి ఇరవై నిమిషాలు. పిండి జల్లించి తూచి పెట్టాలి. ఉప్పు, ఖారం, మిరియాలు తూచి ఒకే గిన్నెలో పోసి మూత పెట్టాలి. ఎండబెట్టే బట్టలు మడిచి పక్కన ఉంచాలి. పొద్దున నిద్రమత్తులో ఉప్పు తూచేవాళ్లకే ఒక వాయి కషాయం, ఒక వాయి చప్పిడి వస్తాయి.

పొద్దున 5:30కి ఉప్పు, ఖారం వేసి నీళ్లు మరిగించి, చల్లార్చి, వడగట్టి, పిండి గట్టిగా కలపండి. పావు తక్కువ గంటలో అయిపోతుంది. తడిబట్ట కప్పి వదిలేయండి. ముద్ద నానే ఆ సమయమే ఇంటిది: టిఫిను, పిల్లల క్యారేజీలు, స్నానాలు. 8 గంటలకి నూనె రాసి రోకలితో దంచి, సాగదీసి, ఉండలు కోయాలి. ఎండాక అప్పడం 10 గ్రాములు ఉండాలంటే పచ్చి ఉండ 13, 14 గ్రాములు రావాలి. మొదటి ఐదూ తూచండి, తర్వాత చేతికే తెలుస్తుంది.

8:30 నుంచి 12 దాకా ఒత్తడం. ఈ మూడున్నర గంటలకి గోడ కట్టడమే ఈ పాఠంలో కష్టమైన భాగం. గడియారం చూసి కూర్చోకండి, లెక్క చూసి కూర్చోండి. పళ్లెంలో 80 ఉండలు పెట్టుకుని అవి అయ్యేదాకా లేవకూడదు. చెయ్యి తిరిగినవాళ్లకి ముప్పావు గంట. అయ్యాక పది నిమిషాలు తప్పకుండా లేవాలి, నడుముకీ మణికట్టుకీ అది కావాలి. అలా నాలుగు పళ్లేలు, ఆఖరిదాంట్లో మిగిలిన పదీ కలుపుకోండి.

మధ్యలో లేస్తే పోయేది ఐదు నిమిషాలే అనుకుంటారు. ముద్ద పైన పొర కడుతుంది, ఉండ గట్టిపడుతుంది, ఒత్తితే అంచు చీలుతుంది, ఎండితే అక్కడే విరుగుతుంది. పైన లెక్కలో పోయిన ఆ రెండు ప్యాకెట్లు, 68 రూపాయలు, ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఎవరు లేపుతున్నారో మీ వారం కాగితంలో ఉంటుంది. వాళ్లకి అప్పటికప్పుడు జవాబు వెతుక్కుంటే మొహమాటం గెలుస్తుంది. మాట ముందే తయారుగా ఉండాలి. పక్కింటావిడతో: “వదినా, ముద్ద ఆరిపోతుంది. పన్నెండుకి రా, నిమ్మళంగా కూర్చుందాం.” ఇంట్లో, ముందు రాత్రే: “అత్తయ్యా, రేపు ఎనిమిదిన్నర నుంచి పన్నెండు దాకా గ్యాసు మనిషి వచ్చినా, పాలమనిషి వచ్చినా మీరే చూసుకోవాలి.” పన్నెండుకి వదిన వస్తే మాత్రం నిజంగానే కూర్చోండి, లేకపోతే రెండోసారి ఆ మాట చెల్లదు. ఫోను ఇంకో గదిలో, మోగితే వినపడే దూరంలో ఉంచండి.

ఎండలోంచి తీసినవి వేడిమీద ప్యాకెట్లో వేయకండి. లోపల చెమ్మ పట్టి పది రోజుల్లో బూజు చుక్కలు వస్తాయి. డబ్బాలో చల్లారనిచ్చి మర్నాడు ప్యాక్ చేయండి, గంటంబావు పని. మరీ పెళుసుగా ఎండినా కష్టమే, కొట్టుకి చేరేలోపు ముక్కలవుతాయి. కొంచెం వంచితే వంగాలి, తడి తగలకూడదు.

అరువు

కొట్టువాడు ఒడియాలో “కాలి దేబి” అన్నా, తెలుగులో “రేపిస్తాలే” అన్నా పుస్తకంలో వరస ఒకటే: తేదీ, పేరు, ప్యాకెట్లు, రావాల్సింది, వచ్చింది. రెండు నియమాలు చాలు. ఏ కొట్టు మీదా బాకీ ఒక వాయి సరుకు ఖర్చు దాటకూడదు, మన లెక్కలో 650. పాత డబ్బు చేతికి రాకుండా కొత్త ప్యాకెట్లు దించకూడదు. శనివారం సంచీ చేత్తో పట్టుకునే అడగండి: “భాయి, పోయిన వారానివి ఇచ్చేస్తే ఇవి దించుతా.” సంచీ బల్లమీద పెట్టాక అడిగితే బేరం మీ చేతిలోంచి పోయినట్టే. ఒక పెద్ద కొట్టుని పోగొట్టుకోవడానికి భయపడి మూడు వాయిల బాకీ మోసేకంటే నాలుగు చిన్న కొట్లకి ఎనిమిదేసి ప్యాకెట్లు వేయడం నయం.

ఏడాది పొడవునా

కొత్త క్యాలెండర్ కొన్న రోజే పని పెట్టుకోని రోజులకి ఎర్రగీత కొట్టండి. ముందే మానుకున్న రోజు సెలవు, అప్పటికప్పుడు మానేసిన రోజు ఎగ్గొట్టడం. రెండోదే అలవాటుని చెడగొడుతుంది. మార్గశిర గురువారాలు లక్ష్మీపూజ, అందుకే గురువారం వదిలాం. జూన్ మధ్యలో రజ పండగ మూడు రోజులు. ఒడియా ఇళ్లలో ఆడవాళ్లు రోలు, సన్నికల్లు ముట్టరు, ఇరుగుపొరుగంతా ఉయ్యాలల దగ్గర ఉంటే మీరొక్కరే రోకలి పట్టుకుని ఏం చేస్తారు? వానలు దిగే రోజులు కూడా అవే. అక్కణ్నుంచి సెప్టెంబరు దాకా ఎండని నమ్మి అప్పడం ఒత్తకండి, కందిపొడి, కారప్పొడి లాంటివాటికి మారండి. మిగులు డబ్బా ఉన్నది ఆ నెలలకే. రెండేళ్లకోసారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు బరంపురంలో ఇల్లు చుట్టాలతో నిండుతుంది, సరుకు ముందే చేసి పెట్టుకోవాలి.

అక్టోబరు సంగతి వేరు. దసరా గిరాకీ, తుపాను రెండూ ఒకేసారి వస్తాయి. గోపాలపురం దగ్గర 2013 అక్టోబరు 12న ఫైలిన్, పలాస దగ్గర 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరం మీదే పడ్డాయి. ఆ నెలలో పిండి నిల్వ ఒక్క వాయికి మించి ఉంచకండి. సరుకు నేలమీద వద్దు, డబ్బాల్లో పెట్టి అటక ఎక్కించండి. రాత్రి పిండి తూచే ముందు వాతావరణ సమాచారం చూడండి, వాన సూచన ఉంటే తూచకండి.

తప్పిన రోజు

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని తరచూ వింటుంటాం. యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, అలవాటు కుదరడానికి మధ్యస్తంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులకే కుదిరింది, కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. 2009లో వచ్చిన ఆ అధ్యయనంలో మనకి పనికొచ్చేది ఇంకోటి ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా దెబ్బతినలేదు. కాబట్టి సోమవారం జ్వరం వచ్చి తప్పితే శుక్రవారం రెండు వాయిలు చేసి కసి తీర్చుకోకండి. ఆరువందల అరవై అప్పడాలు ఒక్కరోజు ఒత్తితే శనివారం మణికట్టు లేవదు, రెండు రోజులు పోతాయి. శుక్రవారం ఎప్పటిలాగే ఒక వాయి. వరసగా రెండుసార్లు తప్పితే మాత్రం ఆగి, కారణం పుస్తకంలో ఒక్క ముక్కలో రాయండి.

ఈ వారం పని

మూడు డబ్బాలకి పేర్లు రాయండి. మీ సరుకుకి సరుకు ఖర్చు, కూలి, ప్యాకెట్ ఖరీదు లెక్క వేయండి. కుట్టుపని వాళ్లయితే ప్యాకెట్ బదులు జాకెట్, పిండి బదులు దారం, లైనింగు, హుక్కులు. పళ్లెం లెక్క ఒక్క రోజు పెట్టి చూసి, ఎన్నిసార్లు లేచారో, ఎవరు లేపారో గీతలు పెట్టండి. అరువు పుస్తకంలో పాత బాకీలన్నీ తేదీలతో ఎక్కించండి. గుర్తులేని తేదీ దగ్గర ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి, ఊహించి రాయకండి.

ఐదో పాఠంలో ఆ ప్రశ్నార్థకాలతోనే మొదలుపెడదాం. పాత బాకీ తగువు లేకుండా ఎలా రాబట్టాలి, ఎప్పుడు కొట్టేయాలి అన్నది అందులో.