ఒక మోపు కట్టెల నుంచి దేశపు పట్టిక దాకా

తెల్లవారుజామున కొక్కెం కాటాకు కట్టెల మోపు తగిలించి, ముల్లు కుదురుగా ఆగే వరకు చూస్తూ నిలబడటం నా మొదటి ఉద్యోగం. పల్నాడు పల్లెల్లో పదకొండేళ్ళు ఇళ్ళిళ్ళూ తిరిగి పొయ్యిలోకి వెళ్ళేది తూచాను. ఇప్పుడు డిగ్రీ విద్యార్థులకు ఇంధన గణాంకాలు చదవడం నేర్పుతున్నాను. "జీవ ఇంధనాలు, వ్యర్థాల నుంచి భారతదేశపు ఇంధన వినియోగం" అనే గ్రాఫు తెచ్చి, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నేను చెప్పేది ఒకటే. పట్టిక తర్వాత తెరవండి, ముందు ఒక్క పొయ్యి తూచండి.

కట్టెలతో వండే ఇల్లు ఒకటి చూసుకోండి. ఉదయం మోపు తూచి, వాడేదంతా అందులోంచే తీయమని చెప్పండి. మర్నాడు అదే వేళకు వెళ్ళి మిగిలినది తూచండి. వరుసగా మూడు రోజులు చేయాలి, మధ్యలో పండుగ రాకూడదు. కట్టె తడిని చూడటం మరవద్దు. బాగా ఆరిన కట్టె కిలోకు సుమారు 15 మెగాజౌళ్ళ వేడి ఇస్తే, అప్పుడే కొట్టిన పచ్చి సర్కారు తుమ్మ దాదాపు సగమే ఇస్తుంది. పచ్చి కట్టె బరువులో చాలా భాగం మండని నీరే, పైగా వచ్చే వేడిలో కొంత ఆ నీటిని ఆవిరి చేయడానికి పోతుంది. వీలైతే ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి తూచండి. పత్తి తీత ముగిశాక రెండు మూడు నెలలు పత్తికట్టె మండుతుంది, ఆ తర్వాత తుమ్మ, కందికంప, పిడకలు వస్తాయి. ఏ నెలలో తూచారో రాసుకోకపోతే ఆ అంకె ఎందుకూ కొరగాదు.

నేను మొదట్లో చేసిన పొరపాటు మీరు చేయకూడదని ఇది చెబుతున్నాను. ఐదుగురున్న ఒక ఇంట్లో మూడు రోజులు తూస్తే రోజుకు మూడు కిలోల తొమ్మిది వందల గ్రాములు వచ్చింది. మూడో రోజు సాయంత్రం తిరిగి వస్తూ చూస్తే, పెరట్లో మూడు రాళ్ళ మీద ఎద్దులకు ఉలవలు ఉడుకుతున్నాయి. పక్కనే స్నానాలకు కాగు ఎక్కించి ఉంది. "పెద్దమ్మా, ఈ కట్టెలు చెప్పలేదే" అన్నాను. "నువ్వు వంట కట్టెలని అడిగావు కదా తల్లీ, ఇది వంటా?" అంది ఆవిడ. తప్పు ఆవిడది కాదు, నా ప్రశ్నది. మళ్ళీ మొదటినుంచి, ఇల్లంతా కలిపి తూస్తే ఆరు కిలోల నాలుగు వందలు తేలింది. అప్పటినుంచి ఎవరి గృహ ఇంధన సర్వే చేతికొచ్చినా ముందు ప్రశ్నాపత్రం అడిగి తీసుకుంటున్నాను. నీళ్ళ కాగు, పశువుల దాణా అందులో లేకపోతే ఆ సర్వే అంకెను తక్కువ అంచనాగానే తీసుకుంటాను.

ఇక ఆ ఆరు కిలోల నాలుగు వందలను పట్టిక భాషలోకి మార్చాలి. కిలోకు 15 చొప్పున రోజుకు 96 మెగాజౌళ్ళు, ఏడాదికి సుమారు 35 వేలు. అంతర్జాతీయ ఇంధన సంస్థ పట్టికల్లో కనిపించే "టన్ను చమురుకు సమానం" అనే కొలత 41,868 మెగాజౌళ్ళు. అంటే ఆ పెద్దమ్మ ఇల్లు ఏడాదికి 0.84 టన్నులు. పట్టికలో పది లక్షల టన్నులు మారిందంటే అలాంటి ఇళ్ళు దాదాపు 12 లక్షలు. ఈ ఒక్క లెక్క కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

ఇప్పుడు పట్టిక తెరవండి. మన కేంద్ర గణాంక శాఖ ఏటా వెలువరించే ఇంధన గణాంకాలు ప్రధానంగా బొగ్గు, చమురు, సహజవాయువు, విద్యుత్తులవి. పెరటి కట్టె కావాలంటే అంతర్జాతీయ ఇంధన సంస్థ పట్టికకు వెళ్ళండి. అందులో మనకు కావలసింది "జీవ ఇంధనాలు, వ్యర్థాలు" అనే గడి. పాత సంచికల్లో ఈ గడి పేరు "కంబస్టిబుల్ రెన్యువబుల్స్ అండ్ వేస్ట్" అని ఉంటుంది. పేరు మారినా గడి అదే. కట్టెలు, పిడకలు, పంట వ్యర్థాలు, చెరుకు పిప్పి, బొగ్గుగా కాల్చిన కట్టె, గోబర్ గ్యాస్, ఇథనాల్, ఊరి చెత్త అన్నీ ఆ ఒక్క గడిలోనే చేరతాయి. గ్రాఫు దేశానికి అందిన మొత్తం సరఫరాదా, ఇళ్ళూ ఫ్యాక్టరీలూ చివరికి వాడుకున్న తుది వినియోగానిదా అన్నది పైన రాసి ఉంటుంది, చూసుకోండి. తుది వినియోగంలో "గృహాలు" అనే అడ్డు వరుసకు వెళితే పొయ్యి కనిపిస్తుంది.

మొదట వాటా, తర్వాత పరిమాణం, రెండూ విడివిడిగా గీయండి. 1990లో దేశపు మొత్తం ఇంధన సరఫరాలో ఈ గడి వాటా ఐదింట రెండు వంతులకు పైనే. ఇప్పుడు ఐదింట ఒక వంతు దరిదాపుల్లో ఉంది. దీన్ని చూసి కట్టెల పొయ్యి కాలం చెల్లిందని రాసేస్తారు. పరిమాణం చూస్తే అప్పుడు సుమారు 13 కోట్ల టన్నుల చమురుకు సమానం, ఇప్పుడు 20 కోట్ల దగ్గర. వాటా తగ్గింది బొగ్గు, చమురు అంతకన్నా వేగంగా పెరిగాయి కాబట్టి. ఈ తేడా చూపకుండా గ్రాఫు ప్రచురించడం నా దృష్టిలో అన్యాయం. పొగలో కూర్చున్న మనిషి ఆ గీతలోంచి మాయమైపోతుంది.

గీత కిందికి దిగినచోట ఇంకా జాగ్రత్త కావాలి. మన మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె వేడిలో గిన్నెకు చేరేది పది, పదిహేను శాతం. గ్యాస్ పొయ్యిలో అరవై శాతం పైన. 14.2 కిలోల సిలిండర్‌లో ఉండేది సుమారు 650 మెగాజౌళ్ళు. పెద్దమ్మ ఇంటి పనంతా గ్యాస్ మీదికి మారితే ఏడాదికి పదకొండు సిలిండర్లు కావాలి. పట్టికలో 0.84 టన్నుల స్థానంలో 0.17 కనిపిస్తుంది. అదే అన్నం, అవే ఉలవలు, ఇంధనం మాత్రం ఐదో వంతు. కాబట్టి తగ్గుదలను పేదరికమనో, పొదుపనో వెంటనే తేల్చకండి.

ఇక్కడే రెండో మెలిక ఉంది. పేద ఇళ్ళకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది, దేశమంతటికీ 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల మొదలైంది. 2019 సెప్టెంబరుకల్లా ఉజ్వల కనెక్షన్లు ఎనిమిది కోట్లు దాటాయి. కానీ ఆ ఇళ్ళు 2019-20లో నింపించుకున్నది సగటున ఏడాదికి మూడు సిలిండర్లు, తర్వాతి ఏళ్ళలో నాలుగు దరిదాపులు. పెద్దమ్మ ఇంటిలాంటి ఇంటికి కావలసినవి పదకొండు. మిగతా పని ఇంకా కట్టె మీదే. కనెక్షన్ల గీతను, కట్టెల గీతను ఒకే కాగితం మీద గీయండి. ఒకటి నిట్టనిలువుగా లేస్తుంది, రెండోది దానికి తగినట్టు దిగదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో శుభ్రమైన ఇంధనంతో వండే ఇళ్ళు 58.6 శాతమే.

ఇథనాల్ గురించి వార్తలు ఎక్కువ, గడిలో చోటు తక్కువ. 2013-14లో పెట్రోలులో 1.5 శాతంగా ఉన్న కలయిక 2022లో పదికి, 2025లో ఇరవైకి చేరింది. 2023-24లో కలిపినది సుమారు 700 కోట్ల లీటర్లు, అంటే 35 లక్షల టన్నుల చమురుకు సమానం. 20 కోట్ల పక్కన అది రెండు శాతం కూడా కాదు. చెత్త మరీ తక్కువ. హైదరాబాదు జవహర్‌నగర్‌లో చెత్త కాల్చి కరెంటు తీసే 24 మెగావాట్ల కేంద్రం ఏడాదంతా నిండుగా నడిచినా వచ్చేది 21 కోట్ల యూనిట్లు. కాలిన చెత్త వేడిని లెక్కవేసినా అది పెద్దమ్మ ఇంటిలాంటి 85 వేల పొయ్యిలకు సరి. వీటికి విడిగా ఇంకో గ్రాఫు గీయండి, లేకపోతే కంటికి ఆనవు.

చివరగా గీత నునుపును గమనించండి. పెట్రోలు గీత 2020లో గుంట పడుతుంది. కట్టెల గీత మాత్రం ఏళ్ళ తరబడి మలుపు లేకుండా సాగుతుంటే, అది ఏటా తూచిన లెక్క కాదు. ఎప్పుడో జరిగిన చిన్న సర్వేల మధ్య ఖాళీలను జనాభా పెరుగుదలతో పూడ్చిన అంచనా. ఉన్నట్టుండి మెట్టులా మారితే పొయ్యిలు మారాయనుకోకండి, ముందు పట్టిక అడుగున ఉన్న వివరణ చదవండి. అక్కడ కొత్త సర్వే పేరు దొరికితే ఆ ఏడాది దగ్గర నిలువు గీత గీసి, దానికి ముందూ వెనుకా ఉన్న అంకెలను ఒకదానితో ఒకటి పోల్చడం మానేయండి.