విద్యార్థుల మార్కులతో ఉపాధ్యాయుల పనితీరును లెక్కగట్టడం ఎలా?

సగటు మార్కులను బట్టి ఉపాధ్యాయుణ్ణి అంచనా వేస్తే పిల్లలు ఎలాంటి ఇళ్ల నుంచి వచ్చారో తెలుస్తుంది గానీ, తరగతి గదిలో ఏం జరిగిందో తెలియదు. అందుకే అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1992 నాటి చట్టంతో, గణాంక శాస్త్రవేత్త విలియం శాండర్స్ రూపొందించిన ‘వాల్యూ యాడెడ్’ పద్ధతిని, అంటే పిల్లల పాత మార్కులతో పోల్చి ఉపాధ్యాయుడు అదనంగా ఏం జోడించారో లెక్కగట్టే పద్ధతిని, చేపట్టింది.

కావలసినవి ఒక్కో విద్యార్థికి కనీసం రెండేళ్ల మార్కులు, ఎవరికి ఎవరు పాఠం చెప్పారన్న పట్టిక, గణాంకాల లెక్కలకు వాడే ‘ఆర్’ సాఫ్ట్‌వేర్. ఎక్సెల్‌లోనూ అవుతుందంటారు; నేను ఒప్పుకోను. నిరుటి మార్కుల ఆధారంగా ఈ ఏటి మార్కులను రిగ్రెషన్‌తో (ఒక సంఖ్యను బట్టి మరోదాన్ని ఊహించే గణాంక పద్ధతి) అంచనా కట్టి, నిజంగా వచ్చిన మార్కుల్లోంచి ఆ అంచనాను తీసివేసి, మిగిలిన తేడాలకు ఉపాధ్యాయుల వారీగా సగటు చూడండి.

పని చెడేది ఇక్కడే. ఆ సగటును ఉన్నదున్నట్టు ర్యాంకుగా మార్చకూడదు, సున్నా వైపు కుదించాలి. ఎనిమిది మంది పిల్లలున్న బడిలో ఒకరిద్దరు పరీక్షనాడు జ్వరంతో కూర్చుంటే చాలు, సగటు తలకిందులవుతుంది. నేను చూసిన ఒక నివేదికలో పైనా, అట్టడుగునా ఉన్నవన్నీ చిన్న బడులే, అయినా దాన్ని తయారుచేసినవారికి అనుమానం రాలేదు.

ఉపాధ్యాయుల మధ్య వేరియన్స్ (హెచ్చుతగ్గుల కొలత) 9, ఒకే తరగతిలోని విద్యార్థుల మధ్య వేరియన్స్ 144 అనుకుందాం. ఇద్దరు ఉపాధ్యాయుల పిల్లలకూ అంచనాకన్నా సగటున 6 మార్కులు ఎక్కువ వచ్చాయి. ఎనిమిది మంది ఉన్న తరగతికి 144ను 8తో భాగిస్తే 18. దానికి 9 కలిపితే 27; 9ని 27తో భాగిస్తే మూడో వంతు, కాబట్టి ఆయనకు దక్కేది 2 మార్కులు. నలభై ఎనిమిది మంది ఉన్న తరగతికి అదే లెక్కలో ముప్పాతిక వంతు వస్తుంది, అంటే 4.5. ఆ 9ని రాబట్టేటప్పుడు తరగతి సగటుల వేరియన్స్‌ను నేరుగా వాడకండి. అందులో కాకతాళీయమైన హెచ్చుతగ్గులూ కలిసి ఉంటాయి గనుక వాటిని ముందే తీసివేయాలి.

9 చిన్నదనిపిస్తే, మార్కుల హెచ్చుతగ్గుల్లో ఉపాధ్యాయుల వాటా సుమారు 1 నుంచి 14 శాతమేనని చాలా అధ్యయనాల్లో తేలినట్టు అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014లో ప్రకటించిన సంగతి గుర్తుచేసుకోండి. మన ఉదాహరణలో అది సుమారు 6 శాతం (మొత్తం 153లో 9). ఒక్క ఏడాది లెక్కతో ఎవరి జీతాన్నీ ముట్టకూడదు, మూడేళ్లవి కలపాలి.

చివరగా, వచ్చే ఏటి ఉపాధ్యాయుల పేర్లను ఈ ఏటి మార్కులకు జోడించి అదే లెక్కను మళ్లీ నడపండి. ఇంకా పాఠమే చెప్పనివారికి ప్రభావం ఉండకూడదు. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్ర మార్కులపై ఆర్థికవేత్త జెస్సీ రాత్‌స్టీన్ 2010లో ప్రచురించిన పరిశీలనలో, ఐదో తరగతి ఉపాధ్యాయులు నాలుగో తరగతి ఫలితాలను ‘పెంచినట్టు’ తేలింది. పిల్లలను సెక్షన్లకు పంచిన తీరే అందుకు కారణం. మీ లెక్కలోనూ అలా వస్తే నివేదికను బయటపెట్టకండి.