పూజా ప్రార్థనలను ఆధునిక సంగీతంతో రంగస్థలానికి తేవడం ఎలా

తరతరాలుగా వస్తున్న ప్రార్థన పాఠానికి డ్రమ్స్, ఎలక్ట్రిక్ గిటార్ తోడు చేసినంత మాత్రాన నాటకం పుట్టదు; ప్రార్థన ఎవరి నోట పలకాలో, కొత్త సంగీతం ఎవరి నోట పలకాలో ముందుగా తేల్చుకుంటేనే రెండింటి మధ్య సంఘర్షణకు చోటు దొరుకుతుంది. ఈ విషయంలో అమెరికన్ స్వరకర్త లెనార్డ్ బెర్న్‌స్టీన్ రంగస్థల సంగీత రచన ‘మాస్’ను మించిన నమూనా నాకు కనబడదు. వాషింగ్టన్‌లోని కెనడీ సెంటర్ అనే కళాకేంద్రం ప్రారంభోత్సవం కోసం, దివంగత అధ్యక్షుడు జాన్ కెనడీ భార్య జాక్వెలిన్ కెనడీ కోరికపై ఆయన దాన్ని కూర్చారు. తొలి ప్రదర్శన 1971 సెప్టెంబరు 8న జరిగింది.

ఆ రచనలో కతోలిక బలిపూజ (ఇంగ్లీషులో ‘మాస్’) లాటిన్ పాఠాన్ని గాయకబృందం పాడుతుంది. దానికి అడ్డు తగిలే సందేహాలు, ఎత్తిపొడుపులు వీధి మనుషుల బృందం నోట ఇంగ్లీషులో, రాక్, బ్లూస్ (నల్లజాతి అమెరికన్ల పాటల శైలి) బాణీల్లో వస్తాయి. వీటిని ‘ట్రోప్’లు అంటారు, మధ్యయుగంలో పూజ పాఠం నడుమ కొత్త చరణాలు చొప్పించే అలవాటుకు ఉన్న పేరే అది. బుర్రకథ ఎరిగినవారికి ఈ ఏర్పాటు కొత్తగా తోచదు. కథకుడు కథ నడిపిస్తుండగా వంత పాడేవారిలో ఒకరు నేటి రాజకీయాన్ని, మరొకరు హాస్యాన్ని ఎత్తుకుంటారు, అయినా కథ చెదరదు.

కాబట్టి రచన దశలో మూల పాఠంలో ఒక్క మాట కూడా మార్చకండి. కీరియే, గ్లోరియా, క్రేదో, సాంక్తుస్, ఆగ్నుస్ దేయి అనే బలిపూజ పాఠంలోని అయిదు భాగాలను వరుసగా రాసుకొని, ఆ మాటలు విన్న మామూలు మనిషి ఏమంటాడో ఒక్కొక్క దాని ఎదుట రాయండి. ఏమీ తోచని చోట పాఠాన్ని అలాగే వదిలేయడం మేలు. క్రేదో అంటే ‘విశ్వసిస్తున్నాను’ అని అర్థం. బెర్న్‌స్టీన్ ఆ విశ్వాస ప్రకటనను టేపు మీద ముందే రికార్డు చేసిన గాయకబృందానికి అప్పగించి, ‘నాన్ క్రేదో’ (విశ్వసించను) అనే తిరస్కారాన్ని వేదిక మీది మనిషి చేత పాడించారు. యంత్రం విశ్వాసాన్ని వల్లిస్తుంటే మనిషి కాదంటున్నాడన్న సంగతిని ప్రేక్షకుడికి ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

అసలు కష్టం అతుకు దగ్గర ఉంటుంది. చర్చిలో పాడే ప్రాచీన లాటిన్ ప్రార్థనాగీతి అయిన గ్రెగోరియన్ గానం మాట విరుపును అనుసరించి సాగుతుంది, దానికి తాళం కట్టు లేదు. రాక్ తాళం మీదే నిలబడుతుంది. గానం కింద నేరుగా డ్రమ్స్ వేస్తే రెండూ చెడతాయి. గాయకబృందం చివరి స్వరాన్ని నిలిపి పట్టగా, బేస్ గిటార్ అదే స్వరాన్ని శ్రుతిగా అందుకుని, కొన్ని క్షణాల తర్వాత మాత్రమే తాళం మొదలైతే మార్పు సహజంగా వినిపిస్తుంది. మన సంగీతకారులకు మరో వెసులుబాటు ఉంది. చర్చి గానంలోని డోరియన్ స్వరక్రమం కర్ణాటక సంగీతంలోని ఖరహరప్రియ రాగం స్వరాలతో సరిపోతుంది; అందులోని సాధారణ గాంధారం, కైశికి నిషాదం బ్లూస్‌కూ ప్రాణస్వరాలే కనుక వాటి మీదుగా ఒక శైలి నుంచి మరోదానికి జారవచ్చు. అయితే బ్లూస్ గాయకుడు గాంధారాన్ని కొంచెం పైకి లాగుతాడు కాబట్టి, అది గాయకబృందం గాంధారంతో ఒకేసారి మోగకుండా చూసుకోవాలి. బ్యాండుకు మాత్రమే మైకులు పెట్టి గాయకబృందాన్ని వదిలేస్తే ప్రార్థన వినబడనే వినబడదు.

‘మాస్’లో పూజ నడిపే గురువు మొదట గిటార్‌తో సాదా దుస్తుల్లో వస్తాడు, పూజ సాగేకొద్దీ అతని ఒంటి మీద పూజావస్త్రాలు బరువెక్కుతాయి. ‘మాకు శాంతినివ్వు’ అన్న ఆగ్నుస్ దేయి ముగింపు మాటలు వేడుకోలు స్థాయి దాటి గద్దింపుగా మారినప్పుడు అతడు పూజాపాత్రను నేలకేసి కొడతాడు. ఇలాంటి ఘట్టం పెట్టుకుంటే ఆ వెంటనే వాద్యాలన్నీ ఆపి ఒక్క గొంతుకే చోటివ్వండి. పగిలే పాత్రను నాటకం కోసం వేరుగా చేయించాలి. నిజమైన పూజలో వాడిన వస్తువును రిహార్సల్‌కైనా తేకూడదు. ఆ ప్రార్థనను వారం వారం చెప్పుకునేవారిని ఒకరిద్దరిని రిహార్సల్‌కు పిలిచి, ఎక్కడ మనసు నొచ్చిందో అడిగి రాసుకోండి. వారు చెప్పినదంతా మార్చనక్కరలేదు గాని, ఆ నొప్పి నాటకానికి అవసరమైనదా, దర్శకుడి అజాగ్రత్త వల్ల కలిగిందా అన్నది టికెట్లు అమ్మకముందే తేలాలి.