బైపాస్ అయ్యాక కీళ్లు నొప్పెడుతుంటే: ఏ నొప్పికి ఏం చేయాలి

మోకాలు పట్టేసిందంటే మన దగ్గర మొదట గుర్తొచ్చేది డాక్టరు కాదు, వీధి చివరి మెడికల్ షాపు. పేరు చెబితే చాలు, చాలా చోట్ల చీటీ కూడా అడగరు. గుండె మందులు వాడేవాళ్లకు గొడవంతా అక్కడే మొదలవుతుంది. నొప్పి ఎక్కడిదో తేల్చుకోకుండా మాత్ర వేసుకోకండి.

నొప్పి మాత్ర వేసుకున్న రెండు మూడు రోజులకు కాళ్లవాపు, ఆయాసం, బీపీ పెరగడం

కారణం: డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ లాంటి మందులు ఒంట్లో ఉప్పునీ నీటినీ నిలబెడతాయి, బీపీ మందు పనిని తగ్గిస్తాయి. రామిప్రిల్ లేదా టెల్మిసార్టాన్ లాంటి బీపీ మందు, దాంతోపాటు లాసిక్స్ లాంటి నీరు పోయే మాత్ర, వాటిపైన ఈ నొప్పి మాత్ర, మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుంది. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్ (అంటే ఆస్పిరిన్), క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు కడుపులో రక్తస్రావం భయం కూడా తోడవుతుంది. ఐబుప్రొఫెన్‌తో ఇంకో చిక్కుంది. ఆస్పిరిన్ పనిచేయాల్సిన చోటును అది ముందే ఆక్రమించి, రక్తం గడ్డకట్టకుండా ఆపే గుణాన్ని దెబ్బతీస్తుంది.

పేర్లు చూసి మోసపోకండి. జీరోడాల్-పిలో 'పి' పారాసెటమాలే గానీ అసలు మందు ఎసిక్లోఫెనాక్. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రొఫెన్ ఉంది. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదవాలి.

చేయాల్సింది: ఇంకో మాత్ర వేయకండి. పొద్దున్నే టిఫిన్‌కు ముందు బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, మూత్రం తగ్గినా అదే రోజు గుండె డాక్టరుకు చెప్పండి. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు రాస్తారు. మలం తారులా నల్లగా వస్తే రేపటిదాకా ఆగొద్దు. ఎకోస్ప్రిన్‌ను మాత్రం సొంతంగా మానకండి.

లేచేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు మోకాలి నొప్పి. పొద్దున బిగుసుకుని అరగంటలోపే సడలడం

ఇది కీలు అరుగుదల. బైపాస్ తర్వాత ఇది ఎక్కువగా బాధించడానికి ఓ కారణం ఉంది. మోకాళ్లు నొప్పున్నవాళ్లు చేతులు ఆన్చి లేస్తారు, కానీ ఆపరేషన్‌లో కోసిన రొమ్ము ఎముక అతుక్కునేదాకా, అంటే 6 నుంచి 12 వారాలు, చేతుల మీద బరువు వేయొద్దంటారు. దాంతో భారమంతా మోకాళ్ల మీదే పడుతుంది. రొమ్ము ఎముక దగ్గర 'టక్' మని కదిలినట్టుంటే సర్జన్‌కు చూపించండి.

అందుకే మందుకన్నా ముందు కుర్చీ ఎత్తు పెంచండి. కూర్చుంటే మోకాలికన్నా తుంటి కాస్త పైన ఉండాలి. దిండుకన్నా గట్టి పరుపు ముక్క మేలు. నేలమీద భోజనం, దేశీ టాయిలెట్ మానేసి కమోడ్ వాడండి. లేచేటప్పుడు అంచుకు జరిగి, పాదాలు వెనక్కి లాగి, చేతులు గుండెకు ఆన్చుకుని, ముందుకు వంగి లేవండి.

తొడ కండరం గట్టిపడితేనే మోకాలికి ఊరట. పడుకుని మోకాలి కింద మడిచిన టవల్ పెట్టి, 5 సెకన్లు కిందికి నొక్కి వదలండి. 10 సార్లు, రోజుకు రెండు పూటలు. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఎగబాకుతుంది. నడక ఒకేసారి అరగంట వద్దు. 5 నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు చాలు. హైదరాబాద్ కేబీఆర్ పార్కు ఎత్తుపల్లాలకన్నా మొదట్లో అపార్ట్‌మెంట్ వరండాయే నయం.

మందు కావాలంటే పారాసెటమాల్ 650 మి.గ్రా., 6 గంటల ఎడంతో, 24 గంటల్లో 4 మించకుండా. లివర్ జబ్బున్నా, రోజూ మద్యం తాగే అలవాటున్నా డాక్టరును అడిగే వాడాలి. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయండి. నీళ్లలో కరిగే రకంలో సోడియం ఎక్కువ కాబట్టి వద్దు. రక్తం పలచబరిచే అసిట్రామ్ లేదా వార్ఫరిన్ వాడేవాళ్లు పారాసెటమాల్ వరుసగా కొన్ని రోజులు వాడినా, నొప్పి బామ్‌లు పదేపదే రాసినా ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయపు లెక్క) పెరగొచ్చు; పరీక్ష చేయించుకోండి. డైక్లోఫెనాక్ జెల్ మాత్రతో పోలిస్తే రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది, అయినా డాక్టరును అడిగే రాయండి, కుట్ల మీద అసలొద్దు.

రెండు తొడలూ, పిక్కలూ, భుజాలూ ఒకేలా నొప్పి. కీలులో వాపు లేదు

ఇది కీలు నొప్పి కాకపోవచ్చు, కండరాలది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు, అంటే అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ మొదలెట్టాక గానీ డోసు పెంచాక గానీ వచ్చిందా అని చూడండి. సీకే (కండరం దెబ్బతిన్నదా అని చెప్పే రక్త పరీక్ష), థైరాయిడ్, విటమిన్ డి పరీక్షలు చేయించండి. థైరాయిడ్ తక్కువుంటే ఈ నొప్పి ఇంకా ఎక్కువ. డాక్టరు డోసు తగ్గిస్తారు, మందు మారుస్తారు, లేదా ఎజెటిమైబ్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మందు కలుపుతారు. తనంతట తాను స్టాటిన్ మానేసినవాళ్లకు బైపాస్‌లో కుట్టిన కొత్త రక్తనాళాలు, అంటే గ్రాఫ్ట్‌లు మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. మూత్రం కోలా రంగులోకి మారితే అత్యవసరం.

అర్ధరాత్రి బొటనవేలు ఎర్రబడి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి

ఇది గౌట్, యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే నొప్పి. నీరు పోయే మాత్రలు, తక్కువ డోసు ఆస్పిరిన్ యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. నొప్పి ఉన్నప్పుడు పరీక్షలో మామూలుగా రావొచ్చు, రెండు వారాల తర్వాత మళ్లీ చేయించండి. గౌట్ నొప్పి తగ్గించే కొల్చిసిన్ ఇవ్వాలంటే కిడ్నీ, స్టాటిన్ చూసే ఇస్తారు. యూరిక్ యాసిడ్ తగ్గించే ఫెబుక్సోస్టాట్‌పై 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ గుండె మరణాల హెచ్చరిక పెట్టింది కాబట్టి, గుండె రోగులకు సాధారణంగా అల్లోప్యూరినాల్‌నే ముందు చూస్తారు. 'నీళ్లు బాగా తాగు' అనే సలహా గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు వర్తించదు. మీకు చెప్పిన కొలతే పాటించండి. పాయా, కాలేయం, బీరు, కల్లు మానండి. జ్వరంతో కీలు వేడెక్కితే అది గౌట్ అనుకుని కూర్చోకండి, ఆసుపత్రికి వెళ్లండి.

బైపాస్ కోసం సిర తీసిన కాలులో నొప్పి, తిమ్మిరి

కోత పక్కన తిమ్మిరి నెలలపాటు ఉంటుంది. ఆ చోట వేడి కాపడం పెడితే కాలినా తెలియదు. పిక్క ఒక్కటే వాచి నొప్పెడితే సిరలో రక్తం గడ్డ అనుమానించి డాప్లర్ (రక్తనాళాల స్కాన్) చేయించాలి.

ఎడమ భుజం, దవడ, వీపు నొప్పి, చెమటతో

భుజం కదిపినా తేడా లేదు, నడిస్తే పెరుగుతోందంటే అది కీలు కాదు. బామ్ రాస్తూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చేయండి.

ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మందుల సంచీ మొత్తం తీసుకెళ్లండి. మోకాలిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ అంటే షుగర్ కొద్ది రోజులు పెరుగుతుందని తెలిసుండాలి. దానికోసం క్లోపిడోగ్రెల్ ఆపమని ఎవరన్నా, ముందు గుండె డాక్టరు 'సరే' అనాలి.