బోటు సెల్ఫ్ టక్ టక్ అంటుందా? డైనమో విప్పే ముందు ఎర్త్ కేబుల్ చూడుండ్రి

సాగర్ దిక్కు, సోమశిల దిక్కు బోట్ల ఇంజన్లు చేసుకుంటా తిరుగుతుంట, నాకు ఎక్కువ వచ్చే ఫోన్ ఒకటే. "అన్నా, కొత్త బ్యాటరీ ఏసినం, డైనమో చేయించినం, అయినా పొద్దుగాల సెల్ఫ్ తీసుకుంటలేదు." ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ నుంచి ఇంజన్ బాడీకి పోయే కేబుల్, చూసిన్రా అని అడిగితే అవతల సప్పుడుండదు. చేతిల వోల్టులు చూసే మీటర్ లేకుండ బ్యాటరీ కొనకుండ్రి, దండం పెడుత.

12 వోల్టుల డీజిల్ ఇంజన్ల లెక్క చెప్తున్న. రాత్రంతా ఆపి ఉంచినంక బ్యాటరీ మీద 12.6 దగ్గర ఉండాలె, 12.2 అంటే సగమే ఉన్నట్టు, 12 కిందికి పోతే ఖాళీ. ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 రావాలె. నడుస్తున్నా 12.5 కాడనే ఉంటే ఛార్జింగ్ లేదు. 15 దాటితే ఛార్జింగ్ ను అదుపుల పెట్టే రెగ్యులేటర్ పోయినట్టు, ఎంటనే ఆపుండ్రి, బ్యాటరీ ఉడికిపోతది.

ఛార్జింగ్ లేదంటే ముందు డైనమోను తిప్పే బెల్టు చూడుండ్రి. పుల్లీ చుట్టూ నల్ల పొడి పడి ఉంటే బెల్టు జారుతున్నట్టే. తర్వాత కీ ఆన్ చేసినప్పుడు ఎర్ర బ్యాటరీ లైటు వెలగాలె. ఇది మస్తు మంది చూడరు. చాలా డైనమోలకు ఆ బల్బుల నుంచి పోయే కరెంటుతోనే ఛార్జింగ్ మొదలైతది, బల్బు మాడితే మంచి డైనమో కూడా ఊకెనే తిరుగుతది.

ఇప్పుడు అసలు దొంగ సంగతి. సోమశిల కాడ ఒక లాంచికి రెండు బ్యాటరీలు మార్చిన్రు, డైనమో వైండింగ్ చేయించిన్రు, అయినా పదిసార్లు కొడితే ఒకసారి స్టార్ట్. నేను కూడా మొదటిరోజు మోసపోయిన. ఇంజన్ బాడీకి పోయే మైనస్ కేబుల్ చూస్తే లగ్గు (కేబుల్ కొసకు ఉండే, బోల్టుకు బిగించే రింగు) తళతళ మెరుస్తుంది, నట్టు టైటుగ ఉంది, మీటర్ కంటిన్యుటీల (వైరు తెగిందా లేదా చూసే సెట్టింగుల) పెడితే పీప్ అన్నది. బాగనే ఉందనుకొని సెల్ఫ్ మోటర్ విప్పిన, అండ్ల ఏం లేదు, సగం రోజు పోయింది. పీప్ సౌండ్ కి ఒక్క రాగి పోగు మిగిలినా చాలు, సెల్ఫ్ కి వందల ఆంపియర్లు పోవాలె, ఆ ఒక్క పోగు ఏం మోస్తది చెప్పుండ్రి. మళ్ల సెల్ఫ్ కొడుతుంటే యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి పడింది, వేడిగ ఉంది. అప్పుడు అర్థమైంది, ఎర్త్ కి దారి లేక కరెంటు ఆ సన్న కేబుల్ నుంచి తిరిగొస్తుంది.

అందుకే లోడు మీదనే చూడాలె. స్టాప్ నాబ్ గుంజి పట్టుకొని, ఇంజన్ స్టార్ట్ కాకుండ, మీటర్ ఒక వైరు బ్యాటరీ మైనస్ గుబ్బ మీద (లగ్గు మీద కాదు, గుబ్బ మీదనే), ఇంకోటి రంగు లేని ఇంజన్ ఇనుము మీద పెట్టి ఐదు సెకండ్లు సెల్ఫ్ కొట్టుండ్రి. 0.2, 0.3 వోల్టుల లోపల ఉంటే మంచిదే. ఆ లాంచికి నాలుగు దాటింది. ఛార్జింగ్ కి కూడా ఇంతే, లైట్లన్ని ఏసి ఇంజన్ రేస్ చేసి డైనమో ప్లస్ కి దాని బాడీకి నడుమ ఎంతొస్తుందో, బ్యాటరీ గుబ్బల మీద ఎంతొస్తుందో చూడుండ్రి. అక్కడ 14.2, ఇక్కడ 13.5 అంటే డైనమో తప్పు కాదు, నడిమిట్ల కేబుల్ తింటుంది.

కేబుల్ కోసి చూస్తే లగ్గు కాడి నుంచి జానెడు లోపలిదాక రాగి నల్లగై పచ్చ చిలుము పట్టింది, వేళ్లతో నలిపితే పొడి రాలింది. మనది కృష్ణ నీళ్లు, ఉప్పు లేదు, తుప్పు రాదనుకుంటరు గని బోటు అడుగున నిలిచిన నీళ్లల్ల కేబుల్ నానుతుంటే తడి ఆ పోగుల సందుల నుంచి పైకి పాకుతది, పైన రబ్బరు మాత్రం కొత్తదాని లెక్కనే ఉంటది.

కోసి కొత్త లగ్గు ఏస్తే సరిపోదు, కేబుల్ మొత్తం మార్చుండ్రి, కనీసం 35 స్క్వేర్ ఎంఎం, దూరం ఎక్కువుంటే 50, కళాయి పోసిన రాగి దొరికితే ఇంకా మంచిది. లగ్గు సుత్తెతో కొట్టకుండ క్రింపింగ్ మిషన్ తో నొక్కిచ్చి హీట్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) ఎక్కియ్యాలె. ఇంజన్ మీద బోల్టు కూసునే కాడ రంగు గీకి తెల్ల ఇనుము తేలాలె. బిగించినంకనే పైన గ్రీజు, ముందు కాదు. కేబుల్ అడుగు నీళ్లకు పైనుంచి కట్టుండ్రి. విప్పేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ ఆఖరుకు. ఆ లాంచికి మార్చినంక సెల్ఫ్ కొడితే ఎర్త్ కాడ 0.15, ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ మీద 14.1 వచ్చింది, పాత డైనమో మీదనే నడుస్తుంది.

రాత్రికి రాత్రి బ్యాటరీ దిగితే నీళ్లు తోడే పంపు ఫ్లోట్ (నీళ్లు పెరిగితే తేలి పంపును ఆన్ చేసేది) ఇరికి నడుస్తుందేమో చూడుండ్రి. డైనమో లోపలి డయోడ్ల లీకు, సెల్ఫ్ కార్బన్లు అరగడం కూడా ఉంటయి గని తక్కువ, అవి షాపుల చూస్తరు. ఇంజన్ నడుస్తున్నప్పుడు మాత్రం బ్యాటరీ మెయిన్ స్విచ్ ఆపకుండ్రి, డయోడ్లు పోయేది ఎక్కువ అట్లనే.