అడవినాభిని పెరటి పొదల్లో పెంచే పద్ధతి

అడవినాభిని పందిరి మీద పెంచేవారున్నారు గానీ, సహజంగా ఎదిగే తోటలో ఈ తీగకు పొదను మించిన ఆధారం లేదని నా అభిప్రాయం. దీని ఆకు కొనే సన్నగా సాగి నులితీగగా మారి అందిన రెమ్మను చుట్టుకుంటుంది కనుక, తంగేడు, వావిలి వంటి పొద మొదట్లో నాటితే చాలు, తీగ తనంతట తానే 2, 3 మీటర్ల ఎత్తుకు పాకుతుంది.

మందుల కోసం తవ్వి తవ్వి అడవుల్లో తగ్గిపోతున్న మొక్క ఇది. అందుచేత దుంపలను అడవి నుంచి తేకుండా, పెంచి అమ్మే నర్సరీలోనే కొనాలి. నాగలిలా వంగిన ఆ దుంప కొనల్లోనే మొలక ఉంటుంది, కొన విరిగిన ముక్క మొలవదు. తొలకరి పడగానే, నీరు నిలవని ఎర్రనేలలో, కాస్త ఇసుకా పశువుల ఎరువూ కలిపి, దుంపను 2, 3 అంగుళాల లోతున అడ్డంగా పరిచి మట్టి కప్పాలి. నీరు నిలిస్తే దుంప కుళ్ళుతుంది. విత్తనంతోనూ పెంచవచ్చు గానీ, పూతకు కొన్నేళ్ళు ఓపిక పట్టాలి.

మొక్క అంతా విషమే, అందులోనూ దుంప, గింజలు మరీ ప్రమాదం. వాటిలోని కొల్చిసిన్ అనే విషపదార్థం ప్రాణం తీయగలదు. దుంపను తినే గడ్డగా పొరబడే అవకాశం ఉంది కాబట్టి, పిల్లలూ పశువులూ తిరిగే చోట దీన్ని నాటనే కూడదు. చేతికి తొడుగులు లేకుండా దుంపలు పట్టుకోవద్దు.

వానాకాలం నడుమ పూత మొదలవుతుంది. ఆకుపచ్చగా విచ్చిన మొగ్గ పసుపుకు తిరిగి, అలల అంచులున్న 6 రేకులూ వెనక్కి మడిచి పైకెత్తి, కొన నుంచి ఎర్రబారుతూ చివరకు నిప్పురంగుకు వస్తుంది. ఒకే తీగపై ఈ రంగులన్నీ ఒక్కసారే కనిపించడం చూసి తీరవలసిందే. ఈ రోజుల్లోనే ఎరుపు, తెలుపు చుక్కలున్న నల్లని గొంగళిపురుగులు ఆకులను కొరుకుతాయి. ఉదయం పూట తొడుగులు వేసుకొని ఏరివేస్తే సరిపోతుంది, మందు కొడితే పువ్వుకు వచ్చే సీతాకోకచిలుకలకు హాని.

వానలు తగ్గాక తీగ పసుపుబారి ఎండిపోతుంది. చచ్చిందని తవ్వి పారేయకూడదు, పచ్చగా ఉండగా కోయనూ కూడదు, ఎందుకంటే పాత దుంప ముడుచుకుపోతూ కొత్త దుంపలు నేలలో బలపడే కాలమిదే. నీరు పూర్తిగా మాని, వేసవిలో ఎవరూ అక్కడ పార వేయకుండా గుర్తుగా ఒక రాయి పాతిపెట్టాలి.